గడప బయటి సంచి

కారా-బులున్, నరీన్ కొండలు
12 డిసెంబరు 1982

తుర్దుకాన్‌కు, నీ పెద్ద తోటికోడలు ఉమ్సునాయ్ చెప్పి రాయించేది.

'మేమంతా ఇక్కడ క్షేమం' అని మొదలుపెడతానంది పోస్టు రైసా. మేమంతా అంటే ఎవరే అన్నాను. నేనూ, ఆవూ. ఆవుకు క్షేమమే. నేను ఉన్నాను. అంతే రాయమన్నాను.

నీ కోడలికి ఏడో నెలట. నాకెవరు చెప్పారో తెలుసా? బస్సు డ్రైవరు జుమాష్. సామాన్లు దించుతూ, 'పెద్దమ్మా, త్వరలో నాయనమ్మవు అవుతున్నావంటగా' అన్నాడు. తెలిసినట్టే తలూపాను. ఇంటికొచ్చి ఆవు దగ్గర కూచున్నాను. మన సమత్‌కు బిడ్డ పుట్టబోతుంటే ఆ మాట నాకు బస్సు డ్రైవరు చెప్పాలా?

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసులే. పిల్లలు నిలవని ఆడది పురిటింటి గడప నలభై రోజులదాకా తొక్కకూడదు. మన అత్త పెట్టింది కాదు ఆ మాట, ఆవిడ అత్త పెట్టిందీ కాదు. కొండల్లాగా ఎప్పటినుంచో ఉంది. నేను దాన్ని మీరింది ఎప్పుడు? గడ్డకట్టించే వంటలు నేను పట్టుకున్నది అందుకే గదా. వేడి గిన్నె తీసుకెళితే తలుపు కొట్టాలి. కొడితే తియ్యాలా వద్దా అని లోపలివాళ్ళు మొహాలు చూసుకోవాలి. అదే గడ్డకట్టినదైతే తెల్లారగట్ల గడప బయట పెట్టేసి రావచ్చు. మధ్యాహ్నం తీసుకున్నా చెడదు. ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

ఈసారి మాత్రం గడప బయట పెట్టి రాను. సంచి చేత్తో పట్టుకుని లోపలికి వస్తాను. ఎప్పుడు రావాలో రాయి.

ఉమ్సునాయ్ వేలిముద్ర

*

ఫ్రూంజె
27 డిసెంబరు

గౌరవనీయులైన అక్కకు తుర్దుకాన్ సలాములు.

మీ ఉత్తరం అందింది. మీ ఆరోగ్యం బాగున్నందుకు సంతోషం. ఆవు కూడా బాగున్నందుకు సంతోషం. ఇక్కడ అందరం కులాసా. సమత్‌కు ఫ్యాక్టరీలో ఇంకో ఏడాది పని పెంచారు. నాజిరాకు కాళ్ళు కాస్త వాస్తున్నాయి గానీ బడికి వెళుతూనే ఉంది. లెక్కల టీచరు కదా, పరీక్షల పని ఎక్కువ.

మీకు చెప్పకూడదని కాదక్కా. చెబుదాం చెబుదాం అనుకుంటూ ఉండగా రోజులు గడిచిపోయాయి. ఇక్కడ మాది రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. నాజిరా తల్లి కూడా తలాస్ నుంచి వస్తానంది. ఆవిడకు పట్టింపులు ఎక్కువ. నా సంగతి మీకు తెలుసు, నాకేమీ లేదు. ఆవిడ కోసమే చెబుతున్నాను. నలభై అయ్యాక రండి. సమత్ స్వయంగా వచ్చి తీసుకొస్తాడు. వసంతకాలం, దారులు కూడా బాగుంటాయి.

పిండిలో మాంసం పెట్టి మీరు చుట్టే మాంటీలు పంపిస్తే మహా సంతోషం. మీ చేతి మాంటీలు మీవే. మా బాల్కనీ ఉత్తరం వైపు, ఫిబ్రవరి దాకా రాయిలా ఉంటాయి.

మీ చెల్లెలు
తుర్దుకాన్

*

కారా-బులున్
9 జనవరి 1983

తుర్దుకాన్‌కు,

నీ ఉత్తరం రైసా రెండుసార్లు చదివింది. రెండోసారి నేనే చదవమన్నాను, మొదటిసారి దొరకని మర్యాద ఎక్కడైనా ఉందేమోనని. ఆవుమీద ఉంది. నామీద లేదు.

నా మాంటీలు గడప దాటొచ్చు. వాటిని చుట్టిన చెయ్యి దాటకూడదు. నువ్వే చెప్పు, ఇదెక్కడి న్యాయం? దోషం ఉంటే చేతిలోనే ఉండాలి కదా. పిండి పిసికింది ఈ చెయ్యే. మాంసం కొట్టింది ఈ చెయ్యే. దోషం పిండికి అంటలేదు, మాంసానికి అంటలేదు, తలుపు దగ్గరికి రాగానే నాకు మాత్రం అంటుకుంటుందా?

నేను వాదిస్తున్నాను, విను. ఈ ఊళ్ళో ఇరవై ఏడు పురిటిళ్ళకు పెట్టాను. ఎముకల చారు గిన్నెల్లో పోసి బయట పెడితే పొద్దుటికి బిళ్ళలు కట్టేది. వాటిని గడ్డిలో చుట్టి పెట్టేదాన్ని. బాలింత ఒక బిళ్ళ కుండలో వేసుకుంటే చాలు, పూట గడిచేది. మాంటీలు పిండి చల్లిన పలకమీద పేర్చి కొట్టం కప్పుమీదికి ఎక్కిస్తే నేను టీ తాగి లేచేసరికి గులకరాళ్ళు. ఆ ఇరవై ఏడు ఇళ్ళలో ఒక్క బిడ్డకు దగ్గు రాలేదు, ఒక్క తల్లికి పాలు తగ్గలేదు. ఇదిగో, ఈ ఉత్తరం రాస్తున్న రైసా కూడా తిన్నది. కవలలు దీనికి. మూడు సంచులు పెట్టాను. కిటికీ తెర కదిలేది, తలుపు మాత్రం తెరుచుకునేది కాదు. రాయవే, ఎందుకు ఆగావు? నిన్ను తిట్టడం లేదు, సాక్ష్యం చెబుతున్నాను.

సమత్ నలభై ఒకటో రోజు నుంచి నా ఒళ్ళోనే పెరిగాడు. నువ్వు సామూహిక క్షేత్రానికి పాలు పితకడానికి పోతే వాడికి నడక నేర్పింది నేను. ఆ మొదటి నలభై రోజులు మాత్రం గోడకు ఇవతల నా గదిలో కూచుని విన్నాను. ఆకలి ఏడుపేదో, కడుపునొప్పి ఏడుపేదో గోడ ఇవతలినుంచే పోల్చుకోవడం వచ్చింది నాకు.

నాకు కావలసింది ఒక్కటే. నలభై లోపు బిడ్డను ఒక్కసారి ఎత్తుకోవాలి. తర్వాత ఎత్తుకోవచ్చులే అంటావు. నలభై దాటితే మెడ నిలబడుతుంది, చూపు నిలబడుతుంది, ఎదుటి మనిషిని చూసి నవ్వడానికి సిద్ధమవుతారు. అది వేరే బిడ్డ. మెడ నిలవని బిడ్డ తల నా అరచేతిలో పెట్టుకుని యాభై ఏళ్ళయింది. ఎంత బరువుంటుందో మరిచిపోయాను. అది గుర్తు చేసుకుని చావాలని ఉంది.

ఎల్లుండి జుమాష్ బస్సులో సంచి పంపుతున్నాను. నాలుగు వందల మాంటీలు. డోలోన్ కనుమమీద చలికి అవి కరగవులే. నాజిరా కోసం. అందరి కోసం కాదు. ముందు అది తినాలి, మిగిలితే మీరు తినండి.

జవాబు రాయి. ఔననో కాదనో రాయి. దారులూ, గదులూ, అంతస్తులూ రాయకు.

ఉమ్సునాయ్

*

ఫ్రూంజె
8 ఫిబ్రవరి

గౌరవనీయులైన అక్కకు,

మీ ఆశీర్వాదంతో ఈ నెల మూడో తేదీన ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల రెండు వందల గ్రాములు. బెర్మెత్ అని పేరు పెట్టాం. తల్లీ బిడ్డా క్షేమం.

మాంటీలు అందాయి. అందరం తిన్నాం. మాంసం, ఉల్లిపాయ, అంతా ఎప్పటిలాగే మీ చేతి రుచి. నాజిరాకు పాలు ఊటలా పడ్డాయి. మీకు వెయ్యి దండాలు చెప్పమంది.

రాక గురించి నలభై తర్వాత మాట్లాడుకుందాం. ఇల్లంతా హడావిడిగా ఉంది, ఎక్కువ రాయలేకపోతున్నాను.

తుర్దుకాన్

*

కారా-బులున్
16 ఫిబ్రవరి

తుర్దుకాన్‌కు,

బెర్మెత్. ముత్యం. మంచి పేరు. పిల్ల నూరేళ్ళు బతకాలి. ఈ మాట ముందు రాయమన్నాను, ఎందుకంటే తర్వాత రాయబోయేది మంచి మాట కాదు.

అందరం తిన్నాం అన్నావు. మాంసం, ఉల్లిపాయ అన్నావు. గుమ్మడికాయ మాట ఎక్కడ?

ఆ నాలుగు వందల్లో రెండు వందలు గుమ్మడికాయవి. బాలింతకు ఉల్లి పడితే పసిదానికి కడుపు ఉబ్బుతుందని, అటకమీద దాచిన గుమ్మడికాయ తరిగి, గొర్రె తోక కొవ్వు కలిపి చుట్టాను. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కొరికితే తియ్యగా తగలాలని, ఆ పిల్ల ఆశ్చర్యపోవాలని, ఉత్తరంలో రాయించలేదు. రైసాకు తెలుసు, అడుగు. ఒక్కటి నోట్లో పెట్టుకున్నా ఎవరైనా ఆ సంగతి ముందు చెబుతారు. 'ఇదేంటక్కా, తీపి మాంటీ!' అంటారు. సమత్ అయితే జుమాష్‌తో కబురు పంపేవాడు, చిన్నప్పటి నుంచి వాడికదంటే ప్రాణం.

మీరెవరూ తినలేదు.

నా సంచి ఏం చేశావు తుర్దుకాన్?

ఉమ్సునాయ్

*

ఫ్రూంజె
23 ఫిబ్రవరి

అక్కా,

రైసా, అమ్మా, ఈ ఉత్తరం ఎవరూ లేనప్పుడు చదువు. గొంతు తగ్గించి చదువు.

అక్కా, నీ సంచి బాల్కనీలో ఉంది. కట్టిన తాడు విప్పలేదు. జుమాష్ ఇచ్చినప్పుడు నేనే తీసుకెళ్ళి పాత రేకు తొట్టి కింద పెట్టాను. నాజిరా తల్లి అసలు రాలేదు. ఆవిడకు నడుం నొప్పి. పట్టింపు ఆవిడది కాదు, నాది. నోటితో చెప్పలేక ఆవిడ పేరు రాశాను.

నాజిరాకు ముందు రెండుసార్లు కడుపు పోయింది. నీకు చెప్పలేదు. ఈసారి తొమ్మిది నెలలూ నేను చీమను తొక్కకుండా నడిచాను. పెళ్ళిళ్ళకు పోలేదు, చావులకు పోలేదు. అప్పుడు నీ సంచి వచ్చింది. పారెయ్యడానికి మనసు రాలేదు. తినిపించడానికి ధైర్యం రాలేదు.

ఇంకొకటి ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉంది. సమత్ పుట్టినప్పుడు నువ్వు రోజూ తెల్లారగట్ల నా గడప బయట చారు బిళ్ళా, మాంటీలూ పెట్టేదానివి. నేను వాటిని తినలేదక్కా. అత్త కుక్కకు వెయ్యమంది, వేశాను. తర్వాత నువ్వు 'రుచిగా ఉన్నాయా' అని అడిగితే ఉన్నాయన్నాను. అప్పుడు అత్త చెప్పిందని చేశాను. ఇప్పుడు చెప్పడానికి అత్త కూడా లేదు.

పాలు ఊటలా పడ్డాయన్నది అబద్ధం. నాజిరా ఏమీ తినేది కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. సమత్ పొద్దున పోతే సాయంత్రం వచ్చేవాడు. నేను పక్కనే ఉండి కూడా ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. తిను అంటే ఏడిచేది, ఊరుకుంటే ఏడిచేది. మొన్న నేను పాలపొడి కోసం వరుసలో నిలబడి వచ్చేసరికి వంటింట్లో ఆవిరి. నిలబడే తింటోంది. పళ్ళెంలో చూస్తే నీ మాంటీలు. సబ్బు కోసం తొట్టి ఎత్తితే కనపడిందట సంచి.

"అత్తయ్యా, ఇవి ఎవరు చేశారు?" అంది.

చెప్పాను. అంతా చెప్పాను. కుక్క సంగతి కూడా.

"మాంసంవి మీరు తినండి, తియ్యవి నావి," అంది. ఇంకో పది వేసుకుంది. తర్వాత, "ఆమె మూడు వందల కిలోమీటర్ల అవతల కూచుని నాకు గుమ్మడికాయ తరిగింది. మీరు పక్కగదిలో కూచుని దాచారు," అంది.

ఇవాళ ఇరవై ఒకటో రోజు. రా అక్కా. నలభై లోపే రా. నాజిరా రమ్మంటోంది, సమత్ రమ్మంటున్నాడు. నేను కూడా రమ్మంటున్నాను, నా మాటకు విలువ ఉంటే. ఏ బస్సో రాయి, అడ్డా దగ్గరికి వస్తాం.

తుర్దుకాన్

*

కారా-బులున్
8 మార్చి

తుర్దుకాన్‌కు,

నన్ను మొదటిసారి 'నువ్వు' అన్నావు. ఇన్నేళ్ళూ 'మీరు' అంటుంటే మర్యాద అనుకున్నాను.

కుక్క సంగతి నాకు తెలుసు. ఆ ఏడాది ఊళ్ళో పశువులకే మేత లేదు, మన కుక్క మాత్రం గొర్రెపొట్టేలులా బలిసింది. నాకు కళ్ళు లేవా? నువ్వు గిన్నె కుక్కముందు వంచడం కిటికీలోంచి చూశాను. మర్నాడు మళ్ళీ చేసి పెట్టాను. ఎందుకో అడగకు. వారం తర్వాత ఒకరోజైనా నీకు ఆకలేస్తుందేమో అనుకున్నాను. పెట్టడం మానేస్తే ఆ గోడ ఇవతల నాకు ఇంకేం పని ఉంది?

ఇక మొన్న నీ గడప బయట దొరికిన సంచి సంగతి చెబుతాను. నీకు తెలిసే ఉంటుంది, అయినా నా నోటితో చెప్పాలి. రైసా, ఒక్క మాట మార్చావంటే నీ పెన్ను విరుస్తాను.

నీ ఉత్తరం మొదటి తారీఖున వచ్చింది. మూడు రోజులు నిద్ర లేదు. చారు కాచాను, బిళ్ళలు కట్టించాను, గుమ్మడికాయ మిగిలిన సగం చుట్టాను. పెట్టెలోంచి తెల్ల తలగుడ్డ తీసి కట్టాను. మీకు చెబితే అడ్డా దగ్గరికి వస్తారు, నా పక్కన నడుస్తారు, నాకు అది ఇష్టం లేదు. నేను గెలిచిన కేసు, నేనే నడిచి పోవాలనుకున్నాను. నాలుగో తారీఖున జుమాష్ మీ వీధి మొదట్లో దింపాడు. మూడు అంతస్తులు. ప్రతి మలుపులో ఆగాను. మోకాళ్ళ కోసం ఆగాను అనుకున్నాను.

తలుపు ముందు నిలబడ్డాను. లోపల పిల్ల ఏడుస్తోంది. ఆకలి ఏడుపు కాదు, కడుపునొప్పి కాదు. ఊరికే, ఎత్తుకోమని ఏడిచే ఏడుపు. నాజిరా ఏదో పాడుతోంది. శ్రుతి లేదు ఆ పిల్లకు. నా చెయ్యి లేపాను, తట్టడానికి.

అప్పుడొక మాట మనసులోకి వచ్చింది. ఒకవేళ నిజమైతే?

నలభై ఏళ్ళనుంచి ఊరితో వాదించాను, అత్తతో వాదించాను, నీతో వాదించాను. ఒక్కరు కూడా నన్నీ ప్రశ్న మొహంమీద అడగలేదు. అందరూ తలుపు వెనకే ఉండిపోయారు. అడిగితే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు కాబట్టి జవాబు నా దగ్గర లేదు. మొదటివాడు పదకొండు రోజులున్నాడు. రెండోది ఆరు వారాలు. మూడోదానికి పేరు పెట్టడానికి భయపడ్డాను, పేరు లేకుండానే పోయింది. ముగ్గుర్నీ ఎత్తుకున్నది ఈ చేతులే. ఇరవై ఏడు ఇళ్ళ లెక్క చెప్పాను కదా నీకు. ఆ ఇరవై ఏడుగుర్నీ నేను ముట్టుకోలేదు. అందుకే బతికారేమో. నా సాక్ష్యం నాకే ఎదురు తిరిగింది తుర్దుకాన్.

సంచి గడప బయట పెట్టాను. మెట్లు దిగాను. కింద బల్లమీద ఒక రష్యన్ ముసలమ్మ కూచుని ఉంది. "ఎవరింటికి వచ్చావమ్మా?" అంది. తప్పు ఇంటికి వచ్చానన్నాను. జుమాష్ బస్సు ఇంకా కదల్లేదు, అదే బస్సులో వచ్చేశాను. కనుమ దాటేదాకా వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మంచివాడు.

నిన్ను క్షమించానా అని అడుగుతావేమో. నువ్వు ఏ ఉమ్సునాయ్‌కు భయపడ్డావో నేనూ ఆమెకే భయపడ్డాను. ఇక నిన్నేం క్షమించను?

నలభై రోజులూ సవ్యంగా జరిపించు. నన్ను పిలవొద్దు.

ఉమ్సునాయ్

*

ఫ్రూంజె
14 మార్చి

అక్కా,

ఆ రోజు గడప బయట చప్పుడైంది. నాజిరా తలుపు తీసింది. సంచి ఉంది, నువ్వు లేవు. బాలింత ఇల్లు దాటకూడదని తెలిసి కూడా ఇంటి చెప్పులతోనే రెండు అంతస్తులు దిగింది. అప్పటికే నువ్వు వీధి మలుపు తిరిగి ఉంటావు. పైకొచ్చి మెట్లమీద కూచుని నన్ను తిట్టింది. నన్నే కాదు, మన అత్తనూ తిట్టింది, ఆవిణ్ణి చూసిన పాపాన పోలేదు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నేను చదవలేకపోతే తనే చదివింది. పైకే చదివింది, పిల్లకు పాలిస్తూ. 'శ్రుతి లేదు' అన్నచోట ఆగి, "నిజమే," అంది. మిగతాదీ చివరిదాకా చదివింది.

ఇవాళ నలభయ్యో రోజు. పిల్లకు నలభై చెంచాల నీళ్ళు పొయ్యాలి, చుట్టాలను పిలిచాను. నాజిరా తల్లి కూడా నడుం కట్టుకుని తలాస్ నుంచి వచ్చింది. అంతా సిద్ధం. నాజిరా గిన్నె తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇవాళ నలభై కాదు," అంది.

"అదేంటే, మూడో తారీఖు నుంచి లెక్కపెట్టు," అంది వాళ్ళమ్మ.

"పెట్టాను. ముప్పై తొమ్మిది వచ్చింది."

"రేపో?"

"రేపు కూడా ముప్పై తొమ్మిదే. ఆమె వచ్చి పిల్లను ఎత్తుకునేదాకా మా ఇంట్లో ముప్పై తొమ్మిదే."

"లెక్కల టీచరువి!" అంది వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంటూ.

"బళ్ళో," అంది నాజిరా.

నీకు ఒక మాట చెప్పమంది. 'నిజమైతే అన్న భయం నాకూ ఉంది. రెండు పోగొట్టుకున్నదాన్ని, నాకు లేకుండా ఎలా ఉంటుంది? ఆ భయంతోనే రోజూ పిల్లను ఎత్తుకుంటున్నాను. నేను ఎత్తుకోగలిగితే ఆమె ఎందుకు ఎత్తుకోకూడదు?' నేను అక్షరం మార్చకుండా రాశాను.

పిల్ల మెడ నిలబెట్టబోతోంది అక్కా. ఇంకా నిలవలేదు. మధ్యాహ్నం చూశాను. కొద్ది రోజులు ఆగుతుంది, అంతకంటే ఆగదు.

తుర్దుకాన్

*

కారా-బులున్
20 మార్చి

తుర్దుకాన్‌కు,

నీ కోడలికి పొగరు. నాకు నచ్చింది.

ఆవును రైసా చూస్తానంది. తలుపు తియ్యనందుకు జరిమానా అని చెప్పాను, ఏడుస్తూ రాస్తోంది, అక్షరాలు అలుక్కుపోతే నాది కాదు తప్పు.

ఎల్లుండి మంగళవారం బస్సుకు వస్తున్నాను. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, నాకంటే ముందు అందాలని ఇవాళే జుమాష్ చేతికిస్తున్నాను. ఈసారి ఏమీ తేవడం లేదు. చేతులు ఖాళీగా ఉండాలి. ఏదైనా పట్టుకుంటే దాన్నే కింద పెట్టి వచ్చేస్తాను, నన్ను నేను ఎరుగుదును.

సమత్‌ను అడ్డా దగ్గరికి పంపు. మెట్లెక్కేటప్పుడు నన్ను పట్టుకోవద్దని చెప్పు, నాకు కాళ్ళున్నాయి. పిల్లను గడపదాకా తీసుకురావద్దు. నన్ను పలకరించడానికి లేవొద్దని నాజిరాతో చెప్పు. తలుపు మాత్రం బార్లా తీసి ఉంచండి.

నువ్వు మెట్లమీద ఉండు, నా వెనక. నేను గడప ముందు ఆగితే మాట్లాడకు, ఓదార్చకు. తొయ్యి.

ఉమ్సునాయ్